మన చేల లెక్కలు - ప్రభుత్వ విధానములు

అనంతపురము మెట్టసీమనుగూర్చి వ్రాయబడిన నివేదికలకు కొదువ లేదు. కఱవు విచారణ సంఘములవారు వచ్చిరి, విశ్వవిద్యాలయములవారు వచ్చిరి, ప్రపంచ బ్యాంకువారును వచ్చిరి. మన ఎఱ్ఱనేలల లోతు, మన బోరుబావుల లోతు, మన అప్పుల లోతు అన్నియు కొలువబడినవి. ఇన్ని కొలతలు జరిగినను తనకు కలిగిన మేలేమని రైతు అడిగినచో ఆ ప్రశ్న న్యాయమైనదే. ఇటీవల సంఘ సమావేశములలో ఈ ప్రశ్న తఱచుగా వినవచ్చుచున్నది. లెక్కలు వ్రాసికొనుటకు కాగితములు పట్టుకొని వచ్చిన చిన్నవాడు త్వరగా లేచిపోవుటకై నోటికి వచ్చిన అంకెలు చెప్పి పంపితిమని కొందఱు సోదరులు నవ్వుచు చెప్పుటయు మేము వింటిమి.

ఈ నవ్వు మనకు చేటు తెచ్చునని మా అభిప్రాయము. ఆ చిన్నవాడు తీసికొనిపోయిన అంకెయే కొంతకాలము గడచిన పిమ్మట విత్తనముగనో, బీమా సొమ్ముగనో, అప్పు వాయిదాగనో మన యూరికి తిరిగి వచ్చును; లేదా రాకుండ నిలిచిపోవును. అంకె తప్పైనచో దానినుండి పుట్టిన తీర్మానమును తప్పే అగును. అట్లని దోషమంతయు రైతుదే అనుట మా ఉద్దేశము కాదు. వేఱొకచోట కొలిచిన కొలతను దెచ్చి మన చేలమీద రుద్దిన తీర్మానములు కలవు. మన చేనిలోనే సరిగా కొలిచి, పిదప ఆ కొలతను మూలకు నెట్టిన తీర్మానములును కలవు. దీనికి ఉదాహరణలను దూరదేశములలో వెదకనక్కఱలేదు, మన జిల్లాలోనే కావలసినన్ని యున్నవి.

మొదట ఒక పాత సంగతి. 1800 సంవత్సరమున నైజాము ప్రభువు మన సీమను ఈస్టిండియా కుంఫిణీవారికి దత్తము చేసెను. ప్రధాన కలెక్టరుగా వచ్చిన తామస్ మన్రో దొర ఏడేండ్లు గుడారములలో కాపురముండి, ఊరూరు తిరిగి, చేను చేనును కొలిపించి, ఏ నేల ఎంత శిస్తు మోయగలదో లెక్క కట్టించెను. 1807లో స్వదేశమునకు పోవుటకు ముందు, శిస్తును నూటికి 25 వంతులు తగ్గింపవలెననియు, నీటివసతి గల భూములకు మఱికొంత తగ్గింపవలెననియు పై అధికారులకు వ్రాసెను. మన్రో ఇది కేవలము రైతుల మీది ప్రేమచేత వ్రాసెనని మేము చెప్పజాలము. శిస్తు ఏటేట నిలుకడగా వచ్చుటయే ఆయనకు కావలసినది. కాని లెక్క మాత్రము చేలలో తిరిగి కట్టిన లెక్క. మద్రాసులోని అధికారులకు అది రుచింపలేదు. వారు గ్రామములను మొదట మూడేండ్లకును, పిమ్మట పదేండ్లకును గుత్తకిచ్చిరి. గుత్తదారులనేకులు దివాలా తీసిరి. వారి క్రింది రైతుల గతి చెప్పనక్కఱలేదు. 1820లో మన్రో గవర్నరై తిరిగి వచ్చినపిమ్మట గాని ఆ తగ్గింపు అమలునకు రాలేదు. సరియైన లెక్క పదుమూడేండ్లు కాగితమున పడియుండుటకు మూల్యమును చెల్లించినది లెక్క కట్టినవారు కారు, త్రోసివేసినవారును కారు.

ఇక మన కాలపు సంగతి. 2000 సంవత్సరపు ముంగారును నడివయసు దాటిన వేరుసెనగ రైతు మఱచియుండడు. లేత పైరు ఆకులపై మచ్చలు లేచి, మొవ్వు ఎండి, కాండము నల్లబడి, చాళ్లకు చాళ్లు చచ్చిపోయెను. జిల్లాలో 2 లక్షల 25 వేల హెక్టారులకు తెగులు తగిలినదనియు, నష్టము 300 కోట్ల రూపాయలకు మించినదనియు అంచనా వేసిరి. చూపునకు అది మనము ముందునుండి యెఱిగిన మొవ్వుకుళ్ళు తెగులువలెనే యుండెను. పలువురు దానిని మొవ్వుకుళ్ళే యనుకొనిరి. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు ఇతర సంస్థలవారితో గూడి చచ్చిన మొక్కలను పరీక్షించి, ఇది మొవ్వుకుళ్ళు కాదనియు, టొబాకో స్ట్రీక్ అను వేఱు వైరస్ అనియు తేల్చిరి. దీనికి కాండము కుళ్ళు తెగులను పేరు వచ్చెను.

పేరు ఏదైననేమి, చచ్చిన పైరు చచ్చినదే కదా యని అడుగవచ్చును. పేరు మాఱినచో మందు మాఱును. ఈ వైరస్ పుప్పొడిలో నుండును. తామరపురుగులు ఆ పుప్పొడిని మోసికొనివచ్చి లేత ఆకును గీకినపుడు, ఆ గాయముగుండ అది మొక్కలోనికి పోవును. ఆ పుప్పొడి ఎక్కడిదని వెదకగా బీళ్లలోను, బాటల ప్రక్కలను, గట్లమీదను తెల్లగా పూయు వయ్యారిభామది అని తెలిసెను. ఆ కలుపు తాను వైరస్ మోయుచును రోగలక్షణము లేక పచ్చగా నిలిచియుండును. కనుక పైరుమీద పురుగుమందు చల్లుట ఒక్కటే చాలదు. వయ్యారిభామ పూతకు రాకమునుపే పెఱికివేయవలెను. చేని చుట్టును నాలుగు వరుసల జొన్నయో సజ్జయో అంచుపంటగా వేసి, గాలిలో వచ్చు పురుగును అడ్డగింపవలెను. విత్తనమునకు మందు పట్టింపవలెను.

ఈ మూడింటిలో ఏది ఊళ్లలో ప్రబలినదో చూడుడు. విత్తనమునకు పట్టించు మందు అంగడిలో దొరకును, అమ్మువానికి లాభము కలదు, కనుక అది త్వరగా వ్యాపించినది. అంచుపంటను కొందఱు వేసిరి. వయ్యారిభామను పెఱుకుటవలన ఏ అంగడివానికిని లాభము లేదు. ఒక్క రైతు తన గట్టును శుభ్రము చేసికొన్నను బాట ప్రక్కనుండి పుప్పొడి వచ్చిపడుచునే యుండును. అది ఊరంతయు గూడి చేయవలసిన పని, పంచాయతీయు బాటల శాఖయు పూనుకొనవలసిన పని. పరిశోధనకు విధానముతో పని పడునది ఇట్టిచోటనే. రైతు ఒక్కడు చేసికొనగలిగినదానిని మేము చెప్పిన చాలును. ఒక్కడు చేసికొనలేనిదానికి ప్రభుత్వపు ఉత్తరువు కావలెను, ఆ ఉత్తరువు వెంట కూలి డబ్బులును కావలెను. నేడును తొలివానలకు మన బాటల ప్రక్కల ఏమి మొలచుచున్నదో చదువరులకు మేము చెప్పనక్కఱలేదు.

విత్తనపు కథ మఱియొక విధమైనది. తిండివనము పరిశోధనా క్షేత్రమునుండి 1940లో వెలువడిన టి.ఎం.వి. 2 రకము మన చేలను అఱువదేండ్లు ఏలినది. ఒకప్పుడు అవిభక్త జిల్లాలో 7 లక్షల హెక్టారులకు పైబడి వేరుసెనగ వేయుచుండగా, అందు అధికభాగము ఆ రకమే. 2002 ప్రాంతమున ఇక్రిశాట్ వారు ఇచ్చటి సంస్థల తోడ్పాటుతో క్రొత్త రకములను తమ క్షేత్రపు మళ్లలో గాక రైతుల చేలలో, రైతుల ఎరువుతో, రైతుల సేద్యముతో వేయించిరి. ఎంచుకొనుపనిని రైతులకే విడిచిరి. రైతులు కాయను మాత్రమే చూడలేదు. బెట్టకు తాళుటను చూచిరి, కాయలన్నియు ఒక్కమాఱు ముదురుటను చూచిరి, కట్టెను పశువులు ఇష్టముగా తినుచున్నవా యనియు చూచిరి. వారెంచినది ఐ.సి.జి.వి. 91114 అను రకము. 90, 95 దినములలో కోతకు వచ్చును. తరువాత జరిగిన పరిశీలనలో దాని దిగుబడి టి.ఎం.వి. 2 కన్న నూటికి 23 వంతులు హెచ్చనియు, ఏటేటి హెచ్చుతగ్గులు నూటికి 30 వంతులు తక్కువనియు కనుగొనిరి. ఈ రెండవ అంకెయే మాకు ముఖ్యముగా తోచుచున్నది. మన సీమలో రైతును ముంచునది సగటు కాదు. నడుమ వచ్చు ఒక్క చెడ్డ యేడు.

ఇంత స్పష్టమైన ప్రమాణము చేతనుండగా ఆ రకము జిల్లా అంతటను ఏల కనబడలేదు? ఇందుకు కారణము శాస్త్రములో లేదు, గింజ బరువులో ఉన్నది. వేరుసెనగ ఎకరమునకు సుమారు 60 కిలోల పప్పు విత్తనముగా కావలెను. అనగా లక్ష ఎకరములకు 60 వేల క్వింటాళ్లు. జొన్న గింజ ఒక్కటి వందలుగా పెరుగును. వేరుసెనగ ఒకటికి ఎనిమిది, పదింతలకు మించి పెరుగుట అరుదు. కనుక క్రొత్త రకమును జిల్లాకంతటికిని సరిపఱచుటకు నాలుగైదేండ్ల ముందే లెక్క వేసికొని, విత్తనపు గ్రామములను ఏర్పఱచి, ఏడాదికేడాది పెంచుకొని రావలెను. రాయితీ విత్తనపు కొనుగోలు మాత్రము ఏ యేటికాయేడు, వేసవిలో ఎవరి గోదాములలో ఏమి యున్నదో చూచి జరుగునది. అట్టి కొనుగోలులో విరివిగా దొరకునదే విరివిగా పంచబడును. కదిరి క్షేత్రమునుండి 2005లో వచ్చిన కదిరి 6 అట్లు వ్యాపించినది. అది మంచి రకమే, దానిని మేము నిందింపము. దాని వ్యాప్తికి గుణము కొంత కారణము, గోదాము కొంత కారణము అని మాత్రమే చెప్పుచున్నాము. ఏ రకము మంచిదని పరిశోధకుడు చెప్పగలడు. ఆ గింజలను ఎవరు దాచవలెను, ఎవరి పెట్టుబడితో దాచవలెను అనునది విధానము. సహకార సంఘములకు ఇంతకన్న తగిన పని మఱియొకటి కలదా?

అన్నిటికన్న నేర్చుకొనదగినది బీమా సంగతి. పంట పోయిన రైతుకు వాన కొలతనుబట్టి సొమ్ము ఇయ్యవచ్చునను ఆలోచన క్రొత్తది కాదు. మన పొరుగు మైసూరు సంస్థానమున ఉద్యోగియైన జె. ఎస్. చక్రవర్తి 1920లోనే దీనిమీద ఒక గ్రంథము ప్రచురించెను. వాన ఇంతకు తగ్గినచో ఇంత సొమ్మని ముందుగనే వ్రాసికొన్నయెడల, చేను చేనును పోయి చూడనక్కఱలేదు, నష్టమెంతయను తగవును ఉండదు అని ఆయన వాదము. ఎనుబదేండ్లకు పైబడిన పిమ్మట, 2003లో, బేసిక్స్ సంస్థయు ఐ.సి.ఐ.సి.ఐ. లాంబార్డు కంపెనీయు గూడి ఆ విధమైన వానబీమాను మహబూబునగరు సీమలో ప్రారంభించి, వెంటనే మన జిల్లాకును తెచ్చిరి. నాటి పత్రములలో పంటకాలమును మూడు భాగములు చేసిరి. జూన్ 1 మొదలు కురిసిన వాన మొత్తము 50 మిల్లీమీటరులు చేరిన దినమునుండి, చేరనిచో జూలై 1 నుండి, మొదటి భాగము లెక్కకు వచ్చును.

ప్రపంచ బ్యాంకునకు, అమెరికా విశ్వవిద్యాలయములకు చెందిన ఆర్థికశాస్త్రజ్ఞులు ఇక్రిశాట్ వారి సాయముతో ఈ బీమాను పరీక్షింపబూనిరి. 2004లో ఈ రెండు జిల్లాలలోని 37 గ్రామములలో వేయికి పైబడిన కుటుంబములను ప్రశ్నించిరి. ఎంత వాన పడినచో విత్తుదురని అడుగగా, రైతులు మిల్లీమీటరులు చెప్పలేదు. పదును ఎంత లోతు దిగినచో గొఱ్ఱు కట్టుదురో చెప్పిరి. వారు ఆ లోతును నేల జాతినిబట్టి మిల్లీమీటరులకు మార్చుకొనవలసివచ్చెను. శాస్త్రమును రైతును ఒక బల్లవద్ద కూర్చుండబెట్టిన పని ఇదియే. పదునునుగూర్చి మన పెద్దలకున్న జ్ఞానము అంకెగా మాఱినప్పుడు గాని పత్రములలోనికి ఎక్కదు.

ఆ విచారణలో తేలిన ఒక సంగతి వినుడు. వానకు మిక్కిలి జడియు రైతే ముందు బీమా కొనునని శాస్త్రమూహించును. ఇచ్చట తలక్రిందైనది. జడియువారే తక్కువగా కొనిరి. ఏలయన, తెలియని కంపెనీకి ముందుగా సొమ్ము చెల్లించుటయే వారికి మఱియొక జూదముగా తోచెను.

తరువాత 2006లో వారు చీటీల పద్ధతిని అవలంబించిరి. ఈ పద్ధతిని రెండు మాటలలో చెప్పుట అవసరము. ఏదైన క్రొత్త విత్తనమును చూపదలచినవాడు బాట ప్రక్కనున్న బలమైన చేనినే ఎన్నుకొనుట సహజము. పంట బాగుగా వచ్చినచో అందు విత్తనపు మహిమ ఎంతయో, నేల మహిమ ఎంతయో తెలియదు. అందుచేత ఇంగ్లండులోని రాథంస్టెడ్ క్షేత్రమున 1919 మొదలు పనిచేసిన ఫిషర్ అను గణితజ్ఞుడు, ఏ మడికి ఏ విత్తనమో చీటీ వేసి నిర్ణయింపవలెనని బోధించెను. మళ్లలో పుట్టిన ఈ పద్ధతినే ఇటీవల మనుష్యుల విషయమునకును వాడుచున్నారు. బీదరికముమీద ఇట్టి ప్రయోగములు చేసినందుకు 2019లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మైకేల్ క్రెమర్ అనువారికి నోబెల్ బహుమానము వచ్చినది.

మన గ్రామములలో జరిగినదేమనగా, చీటీ వచ్చినదానినిబట్టి కొందఱి యింటికి బీమా వివరించువాడు పోయెను, కొందఱికి తమకు పరిచయమైన సంస్థ పేరు చెప్పి మాట చెప్పించిరి, కొందఱి చేతిలో చిన్న మొత్తము నగదు పెట్టిరి. ధర తగ్గించిన కొంత యెక్కువ మంది కొనిరి. అయినను ధర ఎంత న్యాయముగ నున్నను అందఱును కొనరని తేలెను. విత్తనాల వేళ చేతిలో నగదు లేకపోవుట ఒక అడ్డు, చెప్పువానిమీద నమ్మకము లేకపోవుట రెండవ అడ్డు. నూఱు రూపాయలు చేతనున్నచో కొనువారు ఎంతో హెచ్చిరి. నమ్మినవారు చెప్పినచో హెచ్చిరి. 2009లో జరిగిన మఱియొక ప్రయోగములో, బీమా దొరికిన రైతులు ఆముదము, వేరుసెనగ వంటి అమ్ముడు పంటలవైపు కొంత మొగ్గిరనియు కనుగొనిరి.

ఇక విధానమేమి చేసినది? భారత ప్రభుత్వము 2007లో వాతావరణమునుబట్టి పంటల బీమాను ప్రయోగముగా ప్రారంభించినది. వానమాపకమును తీసికొనిరి, ప్రీమియములో పెద్దభాగము ప్రభుత్వము భరించెను. ఇవి మంచి పనులు. నమ్మకపు సంగతి, నగదు సంగతి మాత్రము వేఱు మార్గమున తీర్చిరి: పంట అప్పు తీసికొన్నవానికి బీమా నిర్బంధము చేసిరి. అప్పు సొమ్ములోనే ప్రీమియము విఱుగగోసినచో రైతును ఒప్పింపనక్కఱలేదు. ఆ నిర్బంధము 2020 ముంగారువఱకు సాగినది. ఈ కాలమంతయు ఎందఱు రైతులకు తమకు బీమా యున్నదనియే తెలియదో, తెలిసినవారిలో ఎందఱికి ఏ వానమాపకము తమదో తెలియదో, సభ్యులు తమలో తాము విచారించుకొనవలెను. పరిశోధన చూపిన రెండు అడ్డులలో ఒకదానిని దాటక, దాని చుట్టును త్రోవ వేసినట్లైనది. 2020లో నిర్బంధము తొలగినది కనుక ఆ అడ్డు మరల ఎదుటికి వచ్చినది. ఇప్పుడు రైతుకు బీమానుగూర్చి చెప్పుటకు తగినవారెవరని అడిగినచో, నమ్మినవారి మాటయే చెల్లునని మన గ్రామములలో ఏనాడో తేలినది కదా! ఆ నమ్మకము సంఘమునకు ఉన్నదా, ఉన్నచో దానిని ఊరక ఏ కంపెనీకి ఎరువియ్యవలెను, ఏ షరతులమీద ఇయ్యవలెను అనునది పాలకవర్గమువారు తీఱికగా ఆలోచింపవలసిన విషయము.

వానబీమాలో మఱియొక చిక్కు కలదు. అది చక్రవర్తిగారి వాదమునకే తగులుచున్నది. మాపకమున్నచోట వాన పడి మన చేనిలో పడకున్న, పైరు ఎండును, సొమ్ము రాదు. జిల్లా సాలుసరి సగటు వర్షపాతము 552 మిల్లీమీటరులని అందఱును వ్రాయుదురు. ఆ సగటు ఏ చేనిలోను కురియదు. ఒక చెఱువుకట్టకు ఆవల పదును, ఈవల దుమ్ము అనునది మనకు వింత కాదు. దిగుబడినిబట్టి సొమ్మిచ్చు బీమాలోనో, ఊరిలో కొన్ని చేలను ఎంచి, చిన్న మడి గీసి, కోసి తూచెదరు. ఆ తూకమే ఊరంతటికిని తీర్పు. అట్టి కోతనాడు ఎంచిన చేని యజమాని తప్ప మఱియెవ్వరును అచ్చట లేకుండుట మేము పలుచోట్ల చూచుచున్నాము. ఊరందఱి సొమ్ము తూగుచుండగా ఊరివారు అంగడి అరుగులమీద కూర్చుండుట ఏమి న్యాయము?

రైతులే కొలిచిన యెడల ఎట్లుండునో చూచుటకును మన జిల్లాలో ఉదాహరణము కలదు. 2003లో మొదలై, నెదర్లాండ్సు ధనసాయముతోను ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతోను, కఱవు పీడితములైన ఏడు జిల్లాలలోని ఆఱు వందలకు పైబడిన గ్రామములలో భూగర్భజల పథకమొకటి నడచినది. ఆ పథకము బోరునకు రాయితీ ఇయ్యలేదు. మోటారు ఆపుమని శాసింపనులేదు. రైతులకు వానను, బోరులోని నీటిమట్టమును, బయటికి వచ్చు నీటిని కొలుచుట నేర్పి, ఆ అంకెలను ఊరి గోడమీద వ్రాయించెను. వర్షకాలము ముగిసిన పిమ్మట రైతులు గూడి, నేలలో దిగిన నీరెంత, వేయదలచిన పైరులకు కావలసినదెంత యని ఆదాయవ్యయముల పట్టికవలె లెక్క వేసికొని, ఎవరికి తోచినట్లు వారు పైరులు మార్చుకొనిరి. వరి తగ్గినదని, లోటు తెలిసిన ఊళ్లు జాగ్రత్తపడినవని 2010లో ప్రపంచ బ్యాంకువారు మెచ్చి వ్రాసిరి. తరువాత చూచిన కొందఱు పరిశోధకులు అంత మెచ్చుకొనలేదు. పథకము ముగిసి జీతగాండ్రు వెళ్లిన పిమ్మట కొలతలు చల్లబడినవని వారు చెప్పిరి. ఈ రెండు నివేదికలును మనకు కావలెను. మెప్పు ఒక్కటే చదివిన ప్రభుత్వము పథకమును అన్నిచోట్ల నాటుమనును. నింద ఒక్కటే చదివినది మూసివేయుమనును. రెండును చదివినవాడు, కొలుచువానికి జీతము లేని నాడు కొలతను నిలుపునదెవ్వరని అడుగును.

పెద్ద సంఘములవారు, పరిశోధకులు తమకు కావలసిన జవాబు ముందుగనే వ్రాసికొని వచ్చుదురనియు, అధికారులు తమకు నచ్చిన నివేదికనే చదువుదురనియు కొందఱు సభ్యులు మాతో వాదించిరి. అట్లు జరుగుట కలదు, కాదనము. మేము చదివిన మిషను బడిలో లెక్క ఫలితము సరిపోయినను, చేసిన విధము ప్రక్కన చూపనిదే మార్కు వేసెడివారు కారు. ప్రభుత్వ తీర్మానములనుగూర్చియు మనము అదే అడుగవలెను: ఈ అంకె ఏ ఊరిలో, ఏ నేలలో, ఏ యేట కొలిచినది? ఎన్ని చేలలో? చేలను ఎంచినదెట్లు? కాలువక్రింద నల్లరేగడిలో కొలిచిన అంకె ఎంత సత్యమైనను మన గరపనేలకు అది వదంతియే. ఇట్లడుగుటకు పెద్ద చదువు అక్కఱలేదు. మఱి మన ఊరికి వచ్చి లెక్కలు తీసికొనువారిని ఇంకొకటి అడుగవలెను: తేలిన సంగతిని తెలుగులో వ్రాసి, ఏడాదిలోపల సంఘపు గోడకు అంటింపుడని. ఈ షరతునకు ఒడంబడనివారికి మన సమయము ఇయ్యనక్కఱలేదు. ఒడంబడినవారికి మాత్రము ఉన్నది ఉన్నట్లు చెప్పవలెను. పండిన బస్తాలను తగ్గించి, అప్పును పెంచి చెప్పిన అంకె ఒకనాడు మన మీదికే తిరిగి వచ్చును. దిగుబడి తక్కువ చెప్పుచు వచ్చిన ఊరికి బీమా హామీ దిగుబడియు తగ్గియే పోవును గదా.

ఈ ముంగారునకు మన సంఘము చేయదగిన పనినొకదానిని సూచించుచున్నాము. సంఘ భవనపు ఆవరణములో ఒక సాధారణ వానమాపకమును నిలిపి, సంఘ గ్రామములలో ఒక్కొక్కదానియందు మఱియొకటి ఉంచవలెను. దీని వెల ఒక బస్తా కాయలకన్న హెచ్చుకాదు. చెట్టునకును గోడకును దూరముగా, బయలున పాతవలెను. వేపచెట్టు నీడన పెట్టినది ఆకులనుండి కాఱిన నీటిని కొలుచును. ఒక మిల్లీమీటరు వాన అనగా ఎకరమునకు సుమారు 4 వేల లీటరుల నీరు. ఈ లెక్కను చదువుకొను పిల్లలకు మొదటి దినముననే చెప్పినచో పని శ్రద్ధగా చేయుదురు. దినమును ఉదయము ఎనిమిదిన్నరకు చూడవలెను, ఏలయన వాతావరణ శాఖవారు చూచు వేళ అదియే. వేళ వేఱైన మన అంకెను వారి అంకెతో పోల్చుట కుదురదు. చిట్టాలో తేది, వాన, పదును దిగిన లోతు, ఆనాడు ఊరిలో విత్తిన చేల సంఖ్య అని నాలుగు గడులు చాలును. ఊరికి ఇద్దఱు చొప్పున పూచీ వహింపవలెను, ఒకరు ఊరికి పోయిననాడు రెండవవారు చూచుటకు. వాన పడని దినమున గడిని ఖాళీగా విడువక సున్న వ్రాయవలెను. ఖాళీ గడి యనగా ఎవ్వరును చూడలేదని అర్థము, సున్న యనగా చూచితిమి, పడలేదని అర్థము. బీమావారితో వాదము వచ్చిన దినమున ఈ రెంటికి గల భేదమే వాదమంతయు అగును. చిట్టా పుస్తకములను గీయించి సిద్ధపఱచుటకు మేము ఒప్పుకొంటిమి. పూచీ వహింపగోరు సభ్యులు మృగశిర కార్తెకు ముందే తమ పేర్లు కార్యదర్శిగారికి ఇయ్యవలెను.